గోల్కొండ గోడ వెనక్కి జరగదు: కపిల్ దేవ్ గారికి బహిరంగ లేఖ

కపిల్ దేవ్ గారికి,

ఏలూరు జిల్లా దెందులూరు నుంచి రాస్తున్నాను. విజయవాడ నుంచి విశాఖపట్నం వైపు రోడ్డు మీద మీరు ఎప్పుడైనా వెళ్ళి ఉంటే మా ఊరు దాటే ఉంటారు. ఏలూరు దాటాక, తాడేపల్లిగూడెం రాకముందు వస్తుంది. మా చుట్టుపక్కల గోల్ఫ్ మైదానం లేదు. ఉత్తరాన పెదవేగి వైపు మెట్ట, పామాయిల్ తోటలు. దక్షిణాన వరి, వరి దాటితే చేపల చెరువులు, చెరువులు దాటితే కొల్లేరు. ఇలాంటి చోటి నుంచి గోల్ఫ్ బంతి గురించి ఉత్తరం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఆటను ఏళ్ళ తరబడి టీవీలో చూస్తున్నాను, దొరికిందల్లా చదువుతున్నాను. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఒక హద్దు ఎక్కడ గీయాలి, గీసిన హద్దు ఎవరి కోసం అనే తగవులో మా ప్రాంతం దశాబ్దాలుగా నలుగుతోంది. ఆ నలుగుడులో మేం నేర్చుకున్నది మీ నిర్ణయానికి పనికొస్తుందని నమ్మి రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. గోల్ఫ్ బంతి పోగల దూరానికి కట్టుదిట్టమైన హద్దు పెట్టాలని ఆ ఆట నియమాలు చూసే రెండు సంస్థలు, స్కాట్లాండులోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ, 2023 డిసెంబరులో నిర్ణయించాయి. మీరు 2024లో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ నిర్ణయానికి మన టూర్ తరఫున మీరు బాహాటంగా మద్దతు పలకాలి. మన దేశంలో గోల్ఫ్ గురించి ఎవరి మాట వింటారని అడిగితే, ఆ ఆట ఆడని ఇళ్ళలో కూడా వచ్చే పేరు మీదే. అందుకే ఈ లేఖ ఢిల్లీలోని ఏ కార్యాలయానికీ కాకుండా మీకు రాస్తున్నాను.

ఈ లేఖ మా జిల్లాలో చదివేవాళ్ళ కోసం కూడా కాబట్టి, సంగతి ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇవి అందరికీ తెలిసిన నియమాలే. వీటితోపాటు దూరానికీ ఒక పరీక్ష ఉంది. 1976 నుంచీ ఉంది. యంత్రానికి కర్ర బిగించి, నిర్ణీత వేగంతో బంతిని కొట్టిస్తారు. బంతి 317 గజాలు, పైన 3 గజాల వెసులుబాటు, అంటే మొత్తం 320 గజాలు దాటకూడదు. దాటితే ఆ బంతికి పోటీల్లో చోటు లేదు. 2004 నుంచి ఆ యంత్రం కర్ర తలను గంటకు 120 మైళ్ళ వేగంతో తిప్పుతోంది. ఈలోగా మనుషులు యంత్రాన్ని దాటిపోయారు. మేటి ఆటగాళ్ళలో కొందరి కర్ర వేగం ఇప్పుడు 125 మైళ్ళు, ఆపైన. 120 దగ్గర పరీక్ష నెగ్గిన బంతి వాళ్ళ చేతిలో పడితే 320 గజాల హద్దు కాగితం మీదే మిగులుతుంది. కొత్త నియమం చేసేదల్లా యంత్రం వేగాన్ని 125 మైళ్ళకు పెంచడం, బంతి లేచే కోణాన్నీ అది తిరిగే వేగాన్నీ ఇప్పటి ఆటకు తగ్గట్టు సరిచేయడం. 320 గజాల అంకె అలాగే ఉంది. పాత హద్దును ఈనాటి చేతులకు మళ్ళీ వర్తింపజేస్తున్నారు, అంతే.

దీనివల్ల ఎవరికెంత తగ్గుతుందో కూడా వాళ్ళే చెప్పారు. అందరికన్నా దూరం కొట్టేవాళ్ళకు 13 నుంచి 15 గజాలు. పురుషుల టూర్లలో సగటు ఆటగాడికి 9 నుంచి 11. మహిళల టూర్లలో 5 నుంచి 7. ఆదివారం పొద్దున సరదాగా ఆడుకునే మనిషికి 5 గజాలో, ఇంకా తక్కువో. పోటీ ఆటగాళ్ళకు 2028 జనవరి, మిగతా అందరికీ 2030 జనవరి అని అప్పట్లో ప్రకటించారు. తేదీ అటూ ఇటూ జరిగితే జరగనివ్వండి, ఆ హద్దు మాత్రం జరగకూడదు. దాన్ని జరపాలని గట్టిగా అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళది పెద్ద గొంతు. అటు వైపే మాటలు వినిపిస్తుంటే ఇటు వైపు నుంచి మన దేశంలో ఎవరూ పలకకపోవడం నాకు బాధగా ఉంది.

బంతి ఇంత దూరం ఎలా పోయిందన్నది పెద్ద కథ. మొదట్లో తోలు సంచిలో ఈకలు కుక్కి కుట్టిన బంతి. 1848 ప్రాంతంలో గట్టా పర్చా అనే చెట్టు పాలతో చేసిన గట్టి బంతి వచ్చింది. ఆ చెట్లు మలయా అడవులవి. 1898లో అమెరికాలో హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారం చుట్టిన బంతిని తెచ్చాడు. అది వచ్చాక అప్పటి మైదానాలు చాలా పొట్టివైపోయాయి. దాదాపు వందేళ్ళు ఆ దారపు బంతిదే రాజ్యం. 2000లో ప్రొ వి1 అనే గట్టి గుండె బంతి వచ్చి, ఏడాది తిరిగేసరికి టూర్లలో దారపు బంతి దాదాపు కనబడకుండా పోయింది. అదే కాలంలో కర్ర తల ఉక్కు నుంచి టైటానియంకు మారి ఉబ్బింది. 460 ఘనపు సెంటీమీటర్లు దాటకూడదని దానికీ ఒక గీత గీయాల్సి వచ్చింది. అమెరికా టూర్‌లో సగటు డ్రైవ్, అంటే మొదటి షాటు దూరం, 1980లో 257 గజాల దరిదాపుల్లో ఉండేది, 2023 నాటికి 300కు చేరింది. ఒక మనిషి ఆడే కాలంలోనే 40 గజాలకు పైగా పెరిగింది. మనుషుల కసరత్తు, శిక్షణ కూడా ఇందులో ఉన్నాయి, కాదనను. వాళ్ళ కష్టాన్ని ఏ నియమమూ తీసేయదు, ఎవరు ఎక్కువ దూరం కొట్టగలరో రేపూ వాళ్ళే ఎక్కువ కొడతారు.

బంతి దూరం పెరిగితే నష్టం ఎవరికి అని అడుగుతారు. నష్టం నేలకు. ఇదీ నేను చెప్పదలచుకున్న మాట.

ఐదో షాటుకు పని ముగిసేలా గీసిన హోల్‌ను ఆటగాడు రెండు షాట్లలో అందుకోవడం మొదలుపెడితే, మైదానం వాళ్ళు చేసే పని ఒక్కటే: మొదటి షాటు కొట్టే చోటైన టీని వెనక్కి జరుపుతారు. 2010లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో జరిగిన ఓపెన్ అనే పెద్ద పోటీకి 17వ హోల్ టీని వెనక్కి తీసుకెళ్ళి 495 గజాలు చేశారు. ఆ కొత్త టీ అసలు మైదానం హద్దు అవతల, పాత రైలు పట్టాల దారి దాటి ఉంది. గోల్ఫ్ పుట్టిల్లు అనే చోటే సొంత నేల చాలలేదు. అమెరికాలో అగస్టా నేషనల్ వాళ్ళు 2017లో పక్క క్లబ్బు దగ్గర నేల కొన్నారు. 2023 నాటికి 13వ హోల్‌ను 510 నుంచి 545 గజాలు చేశారు. అగస్టాకు డబ్బుంది, కొనుక్కుంది. పక్కన అమ్మేవాడు లేని మైదానం ఏం చేయాలి?

మన సంగతికి వస్తాను. హైదరాబాదు గోల్ఫ్ క్లబ్బు గోల్కొండలో, నయా ఖిల్లా లోపల ఉంది. ఔరంగజేబు 1656లో గోల్కొండ మీదికి వచ్చి వెళ్ళాక, ఆ వైపు గుట్ట మీది నుంచి ఫిరంగులు పెట్టే వీలు మళ్ళీ శత్రువుకు దొరకకూడదని అబ్దుల్లా కుతుబ్ షా కోటను అటు పొడిగించి గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. హాతియాన్ కా ఝాడ్ అనే వందల ఏళ్ళ నాటి బావోబాబ్ చెట్టు అక్కడే ఉంది. పాత మసీదులు ఉన్నాయి, తోటల ఆనవాళ్ళు ఉన్నాయి. కోట లోపల గోల్ఫ్ మైదానం ఉండటం సరైనదా కాదా అని హైదరాబాదులో వారసత్వ కట్టడాల ప్రేమికులు ఏళ్ళ తరబడి గొడవ పడుతూనే ఉన్నారు. వాళ్ళ ఆందోళనలో న్యాయం ఉందని నా అభిప్రాయం. మైదానం ఉండాలా వద్దా అన్నది వేరే తగవు, దాన్ని ఇక్కడికి లాగను. ఉన్న మైదానం మాత్రం ఒక్క అడుగు కూడా పెరగకూడదు. అక్కడ టీని వెనక్కి జరపాలంటే వెనక ఉన్నది కుతుబ్ షాహీల రాతి గోడ. మీ టూర్ పోటీలు ఆ గోడల మధ్య జరిగాయి. అక్కడి ఫెయిర్‌వేల పక్కన గ్రానైట్ గుండ్లను, కోట బురుజును చూస్తూ ఆడటం దేశంలో ఇంకెక్కడా దొరకని అనుభవం అని ఆడినవాళ్ళు అంటారు. బంతి ఇలాగే పెరిగితే పదేళ్ళకు ఆ మైదానం పోటీలకు పొట్టిదని పక్కన పెడతారు. లేదా గోడ వైపు చూపు పడుతుంది. రెండూ జరగకూడదని కోరుకునేవాళ్ళకు దారి ఒకటే ఉంది, బంతి.

విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ మైదానానిదీ ఇంచుమించు ఇదే స్థితి. ఒక పక్క కొండలు, మరో పక్క నగరానికి నీళ్ళిచ్చిన పాత జలాశయం, చుట్టూ పెరుగుతున్న ఊరు. కోల్‌కతాలో 1829 నాటి రాయల్ కలకత్తా క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికన్నా పాతది. దాని చుట్టూ ఇప్పుడు నగరం గోడలా నిలబడింది. మన దేశంలో మంచి మైదానాల్లో చాలావరకు నగరాల మధ్య చిక్కుకున్నవే. వాటికి వెనక్కి జరిగే చోటు లేదు.

కొత్తవి కడితే? ఇక్కడే మా కొల్లేరు వాళ్ళం ఉలిక్కిపడేది. 18 హోల్స్ మైదానం అంటే వంద ఎకరాల పైమాట. దానికి ఏడాది పొడవునా పచ్చగా ఉండే గడ్డి, ఆ గడ్డికి నీళ్ళు, మందులు. బంతి పదిహేను గజాలు ఎక్కువ పోతే 18 హోల్స్‌లోనూ ఆ మేరకు పొడవు పెంచుతారు. పొడవు పెరిగితే గడ్డి పెరుగుతుంది, నీళ్ళు పెరుగుతాయి. ఆటగాళ్ళు తప్పి కొట్టే బంతి కూడా అంత దూరమే తప్పుతుంది కాబట్టి అటూ ఇటూ వదిలే స్థలమూ పెరుగుతుంది. రోడ్డుకు అవతల పెదవేగి మెట్టలో బోరులోకి నీళ్ళు ఎన్ని అడుగుల నుంచి వస్తున్నాయో లెక్క చూసుకుని తోట వేసే రైతులున్నారు. నీటి విలువ వాళ్ళకు తెలుసు. ఏ పంటా పండని పొడవు కోసం నీళ్ళు పోయడం వాళ్ళ ముందు పెట్టి సమర్థించగల వాదన నాకు కనిపించలేదు.

ఇక కొల్లేరు గురించి, కొంచెం ఓపికతో వినండి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కొల్లేటిలోకి వస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి తీసుకెళుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఇది సహజంగా ఏర్పడిన పల్లం. వరద వస్తే విప్పారుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. 1970ల్లో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇవ్వడంతో కథ మొదలైంది. ఉద్దేశం మంచిదే. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. ఒకరు గట్టు వేస్తే పక్కవాడు ఇంకాస్త ముందుకు గట్టు వేశాడు. ప్రతివాడూ తాను వేసింది ఒక్క గట్టేనన్నాడు. అది నిజమే. అన్ని గట్లూ కలిసేసరికి నీళ్ళు కదలడం మానేశాయి. 1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, ప్లస్ 5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. అయినా గట్లు ఆగలేదు. చివరికి 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు పెట్టి, పేలుడు మందు పెట్టి గట్లు తెగ్గొట్టారు. ఆనాడు ఎక్కువ నష్టపోయింది పెద్దలు కారు. చెరువులో చిన్న వాటా పెట్టుకున్నవాళ్ళు, గట్టు మీద కూలి చేసుకునేవాళ్ళు. 2008లో శాసనసభ ఆ హద్దును ప్లస్ 3కు కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ పరిశీలించి, కుదించవద్దంది. తగవు ఇంకా తెగలేదు. ఎన్నికలు వస్తే కాంటూరు మాట మళ్ళీ లేస్తుంది.

ఈ చరిత్రలో మమ్మల్ని బాధించే సంగతి ఒకటుంది. హద్దు ఎంత ఆలస్యంగా గీస్తే దాన్ని అమలు చేయడం అంత క్రూరంగా మారుతుంది. మొదటి గట్టు పడినప్పుడే గీత గీసి నిలబెట్టి ఉంటే ఒక్క కుటుంబం కూడా రోడ్డు మీద పడేది కాదు. గోల్ఫ్‌కు ఇంకా ఆ సమయం ఉంది. పైగా మీ చేతిలో మాకు లేని సౌకర్యం ఒకటి ఉంది. మట్టి గట్టు వేశాక తియ్యాలంటే పొక్లెయిన్ కావాలి. టీని వెనక్కి జరిపి, చెట్లు నరికి, పైపులు వేసి, గడ్డి పరిచాక మళ్ళీ వెనక్కి రావడం ఎవరూ చేయరు. బంతి అలా కాదు. కొన్ని రౌండ్లకు అరిగిపోతుంది, చెరువులో పడితే పోతుంది. ఎలాగూ కొత్తది కొనాలి. ఈ ఆట మొత్తంలో మార్చడానికి అన్నిటికన్నా చవకైన వస్తువు బంతి. అందరికన్నా తేలికగా మారగలిగినదాన్ని వదిలేసి, ఎన్నటికీ తిరిగి రాని నేలను మార్చుకుంటూ పోవడం ఏ లెక్కన తెలివైన పనో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

వ్యతిరేకించేవాళ్ళ మాటలు కూడా నేను శ్రద్ధగానే చదివాను. అందులో ఒకటి బలమైనది. సరదాగా ఆడేవాడు ఎన్నడూ 320 గజాలు కొట్టడు, అతని బంతిని ఎందుకు ముట్టుకోవాలి, పెద్ద ఆటగాళ్ళకు మాత్రమే వేరే బంతి పెట్టవచ్చు కదా అంటారు. నిజానికి 2023 మార్చిలో మొదట ప్రతిపాదించింది అదే. పెద్ద పోటీలకు మాత్రమే, అదీ ఇష్టమైతే. దాన్ని బంతులు తయారుచేసే పెద్ద సంస్థలు వ్యతిరేకించాయి. ఆ జూలైలో అమెరికా పీజీఏ టూర్ కూడా మద్దతివ్వలేమంది. అందరికీ ఒకే నియమం ఉండాలని ఆనాడు కోరినవాళ్ళలో కొందరే, అందరికీ ఒకే నియమం వచ్చాక, అందరికీ ఎందుకని అడగడం న్యాయంగా లేదు. నా మటుకు నాకు ఒకే బంతి ఉండటమే నచ్చింది. గోల్కొండలో క్యాడీగా పనిచేస్తూ సాయంత్రం ఖాళీ గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పట్ చేసుకునే కుర్రాడి చేతిలోనూ, ఓపెన్ గెలిచినవాడి చేతిలోనూ ఉన్నది ఒకే బంతి అయితే ఆ కుర్రాడు తన ఆటను ఆయన ఆటతో కొలుచుకోగలడు. దానికి అతను ఇచ్చుకునే ధర ఐదు గజాలు. పైగా ప్రపంచానికి రెండు బంతులు ఉండటం ఎలా ఉంటుందో గోల్ఫ్ ఒకసారి చూసింది. బ్రిటన్‌లో 1.62 అంగుళాల చిన్న బంతి, అమెరికాలో 1.68 అంగుళాల పెద్ద బంతి. చిన్నది గాలిని చీల్చుకుని ఎక్కువ దూరం పోయేది. 1974లో ఓపెన్ పోటీలో దాన్ని ఆపారు, 1990లో పూర్తిగా తీసేశారు. కొన్ని గజాలు పోయాయి. ఆట పోలేదు.

జనం దూరం చూడటానికే వస్తారు, దూరం తగ్గిస్తే చూసేవాళ్ళు తగ్గుతారు అనేది మరో వాదన. ఈ మాటకు నాకన్నా మీరే మంచి జవాబు.

1990 లార్డ్స్ టెస్టు. ఫాలో ఆన్ తప్పించుకోవడానికి 24 పరుగులు కావాలి, అవతల ఆఖరి బ్యాట్స్‌మన్ హిర్వాణీ. మీరు హెమ్మింగ్స్ బౌలింగ్‌లో వరసగా నాలుగు సిక్సర్లు కొట్టారు. మా తరం వాళ్ళం ఆ నాలుగు బంతులనూ ఇప్పటికీ వరసగా చెప్పుకుంటాం. ఈ రోజుల్లో ఒక్క ఐపీఎల్ సాయంత్రంలో అంతకు నాలుగైదు రెట్లు సిక్సర్లు పడతాయి. మర్నాటికి ఏదీ గుర్తుండదు. మీ సిక్సర్లు గుర్తుండిపోయింది అవి మిగతావాటికన్నా దూరం పోయాయని అనుకోను. బ్యాటు సన్నగా, బౌండరీ దూరంగా, అవసరం నెత్తి మీద ఉన్నప్పుడు అవి పడ్డాయి. ఇంకా వెనక్కి వెళితే మా వైపు మూలాలున్న సి.కె. నాయుడు గారు ఉన్నారు. మచిలీపట్నం నుంచి నాగపూరుకు వెళ్ళిన తెలుగు కుటుంబం వాళ్ళది. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఎంసీసీ మీద 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. 1932లో ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన బంతి రీ నది దాటి పక్క జిల్లాలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. దాదాపు వందేళ్ళయినా మచిలీపట్నంలోనూ ఏలూరులోనూ ఆ పేరు తలుచుకునేవాళ్ళున్నారంటే, ఆ దూరం అంత అరుదైనది కావడం వల్లే.

మీ క్రికెట్ కూడా ఈ గీత గీసుకుంది. 2017 అక్టోబరు 1 నుంచి బ్యాటు అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదని ఎంసీసీ నియమం చేసింది. ఆ రోజు నుంచి క్రికెట్ చూడటం మానేసినవాణ్ణి నేనైతే చూడలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఈటె. 1984లో తూర్పు బెర్లిన్‌లో ఉవె హాన్ ఈటెను 104.80 మీటర్లు విసిరాడు. స్టేడియంలో అవతల ఉన్నవాళ్ళకు ప్రమాదం అనిపించే దూరం అది. పైగా ఆనాటి ఈటెలు బల్లపరుపుగా నేలకు దిగి, ముందు మొన తగిలిందో లేదో తెలియక గొడవలయ్యేవి. స్టేడియాలను పెద్దవి చేద్దామని ఎవరూ అనలేదు. 1986లో పురుషుల ఈటె బరువు కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఈటె త్వరగా ముక్కు దించడం మొదలుపెట్టింది, దూరం పది శాతం దాకా పడిపోయింది. ఆ పొట్టి ఈటెతోనే మన నీరజ్ చోప్రా 2021లో టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు. 2025లో దోహాలో 90.23 మీటర్లతో తొంభై గీత దాటినప్పుడు దేశం పండగ చేసుకుంది. హాన్ దూరానికి అది 14 మీటర్లకు పైగా తక్కువ. అందువల్ల నీరజ్ గొప్పతనం తగ్గిందని దేశంలో ఒక్కరి నోటైనా వచ్చిందా?

మన గోల్ఫర్ల వైపు నుంచి కూడా ఒక మాట. ఎస్.ఎస్.పి. చౌరాసియా రాయల్ కలకత్తాలో గడ్డి చూసుకునే మనిషి కొడుకు. పొట్టి మనిషి. అంతర్జాతీయ పోటీల్లో పక్కనున్నవాళ్ళు అతని బంతిని దాటి ఎన్నో గజాలు కొట్టేవాళ్ళు. అతను గ్రీన్ దగ్గర చిప్‌తో, పట్‌తో వాళ్ళను అందుకునేవాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులోని లోధీ మైదానంలో ఫెయిర్‌వేలు సన్నగా, పక్కన పొదలు దట్టంగా ఉంటాయి. అక్కడ డ్రైవర్ కర్రను సంచిలోనే ఉంచేవాడు తెలివైనవాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా క్యాడీగా మొదలైనవాడే. 1965లో బిల్లూ సేఠీ తర్వాత ఆ పోటీని గెలిచిన మొదటి భారతీయుడు. డబ్బు, జిమ్ము, విదేశీ కోచ్ లేని ఇళ్ళ నుంచి వచ్చిన ఇలాంటివాళ్ళే మన గోల్ఫ్ వెన్నెముక. దూరం ఒక్కటే ఆటను నిర్ణయించే రోజు వస్తే మొదట బయటికి పోయేది వీళ్ళే. పొడవైన ఐరన్‌తో గ్రీన్‌ను అందుకోవడం, గాలిని చదవడం, ఎక్కడ బంతి దిగితే తర్వాతి షాటు తేలికో ముందే ఆలోచించడం మళ్ళీ లెక్కలోకి రావాలంటే బంతికి కళ్ళెం ఉండాలి. ఆట పుట్టింది బుద్ధితో, చేతి ఒడుపుతో ఆడేందుకు. ఆ రెండూ మన పిల్లల దగ్గర పుష్కలంగా ఉన్నాయి.

కపిల్ గారూ, మూడు పనులు చేయమని అడుగుతున్నాను.

ఒకటి, హద్దుకు మద్దతుగా ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా పేరుతో ఒక ప్రకటన ఇవ్వండి. ఆర్ అండ్ ఏ నియమాలు ఎలాగూ మనకు వర్తిస్తాయి కదా, విడిగా చెప్పడం ఎందుకని అనుకోవద్దు. నియమం అమలులోకి రాకముందు పలికిన మాటకే బలం. మద్దతు పలికేవాళ్ళలో చిన్న టూర్లు కూడా ఉన్నాయని ఆ సంస్థలకు తెలియాలి. అందరికన్నా తక్కువ నేల ఉన్న దేశాల మాట వాళ్ళకు చేరాలి.

రెండు, కొత్త పరీక్షకు నిలిచే బంతులు తయారీదారుల దగ్గర దొరకడం మొదలైన వెంటనే, గడువు కోసం ఆగకుండా, ఒక్క పోటీ ఆ బంతులతో ఆడించండి. గోల్కొండలో ఆడిస్తే బాగుంటుంది. ఆటగాళ్ళు ఏ కర్రలు వాడాల్సి వచ్చిందో, ఏ హోల్స్ మళ్ళీ ఆలోచింపజేశాయో, స్కోర్లు ఎలా వచ్చాయో అందరికీ తెలిసేలా ప్రచురించండి. నష్టం ఎంతో ఊహించి భయపడేవాళ్ళకు అంకెలు చూపించవచ్చు. ప్రపంచంలో ఆ పని ముందు చేసినవాళ్ళం మనమే కావచ్చు.

మూడోది మా లాంటి ప్రాంతాల కోసం. టూర్ పోటీ ఇవ్వడానికి మైదానం పొడవును అర్హతగా చూడవద్దు. 7,200 గజాలు దాటిన మైదానానికి పోటీ ఇవ్వమని ఒక పై హద్దు ప్రకటించండి. అంకె మీ నిపుణులు మార్చుకోవచ్చు. ఒక హద్దు అంటూ ఉంటే, రేపు ఆంధ్రాలోనో తెలంగాణలోనో కొత్త మైదానం వేయాలనుకునేవాళ్ళు నూట యాభై ఎకరాలు అడగడానికి ముందు ఆగి ఆలోచిస్తారు. చెరువు శిఖం భూమిలో గానీ, అభయారణ్యం హద్దు లోపల గానీ, సాగునీటి కాలువ మీద ఆధారపడి గానీ కట్టిన మైదానంలో మీ టూర్ ఆడదని కూడా ఆ ప్రకటనలో చేర్చండి. ఆ ఒక్క వాక్యం మా జిల్లాలో ఎంతమంది రైతులు, ఎంతమంది వలగాళ్ళు చదువుకుంటారో మీరు ఊహించలేరు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. వస్తే ఈ లేఖ చదివినవాళ్ళందరికీ అందేలా పత్రికలోనే ప్రచురిస్తాం.

గౌరవంతో,
దెందులూరు, ఏలూరు జిల్లా నుంచి
మీ అభిమాని